స్వరాలు వినిపిస్తున్నాయి, పాట ఏదీ?

ప్రశ్న: అయ్యా, నమస్కారం. నేను విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో ఉంటున్నాను. ఉద్యోగ విరమణ తర్వాత, రెండేళ్ల కిందట, ఒక పాత ఆల్టో శాక్సోఫోన్ కొనుక్కుని వీడియోలు చూస్తూ వేళ్లు నేర్చుకున్నాను. పాత సినిమా పాటలు ఇరవై దాకా కరావోకే ట్రాకులతో వాయించగలుగుతున్నాను. ఈ మధ్య ఒక మిత్రుడి టెనర్ శాక్సోఫోన్ మీద, నాకు బాగా వచ్చిన పాటనే అవే వేళ్లతో వాయిస్తే ట్రాకుతో ఏమాత్రం కలవలేదు. కారణం ఏమిటి? మా బావమరిది నాకొక టెనర్ ఇస్తానంటున్నాడు. మెలొడీ పాటలకు ఆల్టో మంచిదా, టెనర్ మంచిదా? మాది అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు. ఇరుగుపొరుగువారికి ఇబ్బందిగా ఉందని తెల్లవారుజామున బీచికి వెళ్లి సాధన చేద్దామనుకుంటున్నాను, చేయవచ్చా? ఇక అసలు సంగతి. ఫిబ్రవరిలో మా అమ్మాయి పెళ్లి. రిసెప్షనులో రెండు పాటలు వాయించాలని నా కోరిక. మా ఆవిడ మాత్రం, ‘స్వరాలన్నీ వినిపిస్తున్నాయండీ, పాటే వినిపించడం లేదు’ అంటోంది. లోపం ఎక్కడుందో నాకు అంతుపట్టడం లేదు.

సమాధానం: మీ శ్రీమతిగారు చెప్పిన మాట చాలా విలువైనది. నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చినవారిలో ఎక్కువమంది రెండో ఏడాదికి సరిగ్గా ఈ స్థితికే చేరుకుంటారు. వేళ్లు తప్పడం లేదు, తాళం తప్పడం లేదు, అయినా వింటున్నవారికి ఆ పాటలోని మాట గుర్తుకు రావడం లేదు. ఆ లోపం ఎక్కడుందో చెప్పే ముందు మీ మొదటి సందేహం తీర్చవలసి ఉంది. అది తీరకపోతే మిగిలిన సాధన అంతా తప్పు శ్రుతిలో సాగుతుంది.

శాక్సోఫోన్‌ను రూపొందించిన అడాల్ఫ్ సాక్స్ బెల్జియం దేశస్థుడు. 1846లో పారిస్‌లో ఆయన పేటెంటు పొందినది ఒక్క వాద్యానికి కాదు, చిన్నవీ పెద్దవీ కలిసిన ఒక వాద్య కుటుంబానికి. ఆ కుటుంబంలో ఏ వాద్యం చేతికి ఇచ్చినా వాయించేవారు మళ్లీ వేళ్లు నేర్చుకోనవసరం లేకుండా, అన్నింటికీ ఒకే వేళ్ల పద్ధతి ఉంచారు. గొట్టం పొడవు మారినప్పుడు శ్రుతి మారక తప్పదు కాబట్టి, వేళ్లు ఒకటే అయినా పలికే స్వరం వేరవుతుంది. మీరు ‘సి’ అనుకుని మూసే వేళ్లకు ఆల్టో మీద హార్మోనియంలోని ఇ ఫ్లాట్, అంటే రెండున్నర శ్రుతి పలుకుతుంది. అవే వేళ్లకు, ఆల్టో కంటే పొడవైన టెనర్ మీద బి ఫ్లాట్, అంటే ఆరున్నర పలుకుతుంది. ఈ రెండింటికీ మధ్య ఎడం ఐదు అర స్వరాలు, అంటే హార్మోనియం మీద నలుపూ తెలుపూ కలిపి లెక్కిస్తే ఐదు మెట్లు. మీ మిత్రుడి టెనర్ మీద మీ పాట మొత్తం ఆ ఐదు అర స్వరాలూ కిందికి దిగిపోయింది, అంతే. వాద్యంలోనూ మీలోనూ దోషం లేదు.

దీన్ని కాగితం మీద లెక్కలు వేసి గుర్తుపెట్టుకోవడం కంటే మన పద్ధతిలో గుర్తుపెట్టుకోవడం సులువు. ఆల్టో మీద మీరు ఏ వేళ్ల దగ్గర ‘స’ పెట్టుకున్నారో, ఆ స్వరానికి శుద్ధ మధ్యమం, అంటే ఐదు అర స్వరాల పైనున్న ‘మ’ ఏదో చూడండి. టెనర్ మీద ‘స’ అక్కడ పెట్టుకుంటే అదే శ్రుతి పలుకుతుంది. ట్రాకు ఒకటి శ్రుతిలో, అంటే సిలో ఉందనుకోండి. ఆల్టోవారు ‘ఏ’ స్వరం వేళ్ల దగ్గర ‘స’ పెట్టుకోవాలి, టెనర్‌వారు ‘డి’ దగ్గర పెట్టుకోవాలి. ‘ఏ’కి శుద్ధ మధ్యమం ‘డి’ కదా. నాలుగు శ్రుతికి ఆల్టో మీద డి, టెనర్ మీద జి అవుతాయి. ఐదు శ్రుతికి ఆల్టో మీద ‘ఇ’, టెనర్ మీద ‘ఏ’ అవుతాయి. కీబోర్డు స్వరం నుంచి లెక్కించాలంటే ఆల్టోకు మూడు అర స్వరాలు తగ్గించుకోవాలి, టెనర్‌కు రెండు అర స్వరాలు పెంచుకోవాలి. రోజూ ఉదయం శ్రుతి పెట్టె పెట్టుకుని, శ్రుతి మార్చినప్పుడల్లా ‘స’ ఎక్కడికి జరిగిందో వేలితో చూపించుకుంటే నెలలో ఇది నోటికి వచ్చేస్తుంది.

ఈ లెక్క తెలిసి కూడా ఏమరుపాటు వల్ల నేను ఒకసారి దెబ్బతిన్నాను. చాలా ఏళ్ల కిందట మన ఊళ్లోనే ఒక కల్యాణ మండపంలో ఆర్కెస్ట్రాతో వాయిస్తుండగా, కార్యక్రమం మధ్యలో నా ఆల్టోలో రంధ్రాన్ని మూసే మెత్తని బిళ్ల, అంటే ప్యాడ్ ఒకటి ఊడిపోయింది. పక్కనున్న తోటి కళాకారుడు తన టెనర్ నా చేతికి ఇచ్చాడు. నా ముందున్నది ఆల్టోకు రాసుకున్న కాగితమని ఆ హడావుడిలో తట్టక, పల్లవి తర్వాతి బిట్టు ఉన్నదున్నట్టు ఎత్తుకున్నాను. రెండు స్వరాలు పలికేసరికి పాడుతున్న అమ్మాయి నిర్ఘాంతపోయి నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజు నుంచి నా ప్రతి కాగితం మీదా పైన ఎడమ మూలన వాద్యం పేరు, దాని కింద ఆ పాట అసలు శ్రుతి రాయడం అలవాటు చేసుకున్నాను. మీరు కూడా అలాగే రాసుకోండి.

కరావోకే ట్రాకులతో వాయించేవారికి మరొక సౌకర్యం ఉంది. ట్రాకు శ్రుతిని అర స్వరం చొప్పున పెంచడానికీ తగ్గించడానికీ వీలిచ్చే యాప్‌లు ఇప్పుడు ఫోనులోనే దొరుకుతున్నాయి. మూడు శ్రుతిలో, అంటే ‘ఇ’లో ఉన్న పాట ఆల్టో మీద సి షార్ప్ స్కేలుకూ, టెనర్ మీద ఎఫ్ షార్ప్ స్కేలుకూ పోతుంది. రెండేళ్ల సాధన ఉన్న చేతికి రెండూ కష్టమే. ట్రాకును ఒక్క అర స్వరం తగ్గించి రెండున్నరకు తెచ్చుకుంటే ఆల్టోకు సి, టెనర్‌కు ఎఫ్ వస్తాయి. కష్టమైన స్కేళ్లను సాధనలో తప్పక అభ్యసించండి. వేదిక మీద మాత్రం చేతికి అనువైనదే ఎంచుకోండి, అందులో తప్పేమీ లేదు.

ఇక ఆల్టో మంచిదా, టెనర్ మంచిదా అన్న ప్రశ్న. మెలొడీకి టెనరే మంచిదని చాలామంది చెబుతుంటారు. నేను అంగీకరించను. మీరు వాయించబోయే పాట ఎవరు పాడినది, ఏ స్థాయిలో పాడినది అన్నదాన్ని బట్టి వాద్యం నిర్ణయం కావాలి. ఆల్టో అట్టడుగు స్వరం మంద్రంలోని సి షార్ప్. ఒకటి శ్రుతిలో పాడే పురుషుడి ఆధార షడ్జమం దానికి అర స్వరం కింద ఉంటుంది. అంటే ఆయన ‘స’ అన్న చోటు కూడా ఆల్టోలో లేదు. టెనర్ అక్కడి నుంచి ఇంకా నాలుగు అర స్వరాలు దిగగలదు కాబట్టి, మగ గొంతు పాడిన పాటను పాడిన స్థాయిలోనే టెనర్ పలికిస్తుంది. అందుకే టెనర్ వింటే ఎవరో మగవారు దగ్గరగా కూర్చుని పాడుతున్నట్టు ఉంటుంది. ఐదు శ్రుతి ప్రాంతంలో పాడే గాయని పాట సంగతి వేరు. ఆల్టో మీద ఆ పాట ‘స’ కింది ఇ దగ్గర మొదలై, తార పంచమం పై స్థాయి బి దగ్గరికి వస్తుంది. అటు అడుగుకూ ఇటు పై అంచుకూ పోకుండా, వాద్యం తీయగా పలికే మధ్య భాగంలోనే పాట మొత్తం నడుస్తుంది.

మీరు ఇంతవరకు మగ గొంతు పాటలు ఆల్టో మీద వాయిస్తున్నప్పుడు ఏదో ఒక పొరపాటు జరిగి ఉంటుంది. కింది స్థాయిలోనే పట్టుకుని, అట్టడుగున ఎడమ చిటికెన వేలు కీల దగ్గర గొంతు బొంగురుపోయినట్టు పలికిస్తూ ఉండవచ్చు. లేదా చరణం మధ్యలో స్వరం అందక ఒక్కసారిగా పై స్థాయికి దూకుతూ ఉండవచ్చు. రెండో పని పాటను చంపేస్తుంది. మగ గొంతు పాట ఆల్టో మీద వాయించదలచుకుంటే మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఒక స్థాయి పైనే వాయించండి. ఒకటి శ్రుతి పాటకు అప్పుడు మీ ‘స’ ఎడమ చేతి మొదటి రెండు వేళ్లతో మూసే ‘ఏ’ దగ్గరికి వస్తుంది. వాద్యం మొత్తంలో అంత హాయిగా పలికే స్వరాలు కొన్నే ఉంటాయి, అందులో అది ఒకటి.

మీ బావమరిదిగారి టెనర్ సంతోషంగా పుచ్చుకోండి. పెళ్లి అయ్యేదాకా మాత్రం రెండు పాటలూ ఆల్టో మీదే ఉంచండి. వేళ్లు ఒకటే అయినా టెనర్ అడిగే ఊపిరి వేరు, పెదవుల పట్టు వేరు. ఆల్టో మౌత్‌పీస్ చిన్నది, కాస్త బిగువుగా పట్టుకోవాలి. టెనర్‌కు దవడ ఇంకా వదులుగా ఉంచి, నోటి లోపల ‘ఓ’ అన్నంత చోటు ఇచ్చి, వేడి ఊపిరి నిండుగా వదలాలి. ఆల్టో పట్టుతోనే టెనర్ ఊదితే శబ్దం సన్నబడి శ్రుతి పైకి పోతుంది. దీన్ని పరీక్షించే పద్ధతి ఒకటుంది. మౌత్‌పీస్‌ను ఊడదీసి, రీడు (ఊదితే అదిరే పలుచని పలక) బిగించి, దాన్ని మాత్రమే ట్యూనర్ (శ్రుతి చూపించే పరికరం) ముందు ఊదండి. ఆల్టో మౌత్‌పీస్ ‘ఏ’ అన్న స్వరానికీ, టెనర్ మౌత్‌పీస్ ‘జి’ అన్న స్వరానికీ దగ్గరగా పలకాలి. అంతకంటే పైన పలుకుతుంటే మీరు రీడును కొరుకుతున్నారని అర్థం. రెండేళ్లుగా ఒంటరిగా నేర్చుకున్నారు కాబట్టి ఈ పరీక్ష మీరు ఆల్టో మీద ఇవాళే చేసుకోవాలని నా మనవి. కింది పెదవి లోపలి వైపు పళ్ల గుర్తులు లోతుగా పడుతున్నా, అరగంటకే దవడ నొప్పి పుడుతున్నా కారణం ఇదే. రీడు మరీ గట్టిదై ఉన్నా కొరకడం అలవాటవుతుంది. రెండు లేదా రెండున్నర నంబరు రీడు మీకు చాలు. గట్టి రీడు వాడేవాళ్లే పెద్ద విద్వాంసులన్న మాట ఎవరైనా చెబితే పట్టించుకోకండి.

ఇప్పుడు మీ శ్రీమతిగారి మాట దగ్గరికి వద్దాం. ఉత్తరాన్ని బట్టి చూస్తే, మీరు పాటను ‘సరిగమ’లుగా రాసుకుని, వేళ్లకు నేర్పి, ఒక్కొక్క స్వరాన్నీ నాలుకతో కొడుతూ వాయిస్తున్నారని అనిపిస్తోంది. శాక్సోఫోన్ మీద స్వరం మొదలు కావడానికి నాలుక కొస రీడును తాకి వదలాలి. సన్నాయి విద్వాంసుల తుత్తుకారం వంటిదే ఇది. ఎక్కడ తాకాలి, ఎక్కడ తాకకూడదు, తాకితే ఎంత గట్టిగా తాకాలి అన్నదాన్ని సాహిత్యం నిర్ణయిస్తుంది. వేళ్లు స్వరం చెబుతాయి, అక్షరం చెప్పేది నాలుక. మీ వాయిద్యంలో అన్ని అక్షరాలూ ఒకే బరువుతో, ఒకే పొడవుతో పడుతున్నాయి కాబట్టి వినేవారికి మాట అందడం లేదు.

ఒక చిన్న వాక్యం తీసుకుని చూద్దాం. ‘మెల్లగా వచ్చింది వెన్నెల’ అన్నది ఒక పల్లవి అనుకోండి, ఇప్పటికిప్పుడు మనమే కల్పించుకున్నది. దీన్ని వాయించే ముందు వాద్యాన్ని ఒళ్లో పెట్టుకుని, పైకి పాడండి. గొంతు బాగుండనవసరం లేదు, నాలుక ఎక్కడెక్కడికి వెళ్తోందో గమనిస్తే చాలు. ‘మె’ దగ్గర పెదవులు విడివడతాయే గాని నాలుక కొట్టదు. అందుచేత వాద్యం మీద ఆ మొదటి స్వరాన్ని ఊపిరే మోసుకురావాలి, నాలుక కేవలం తాకీ తాకనట్టు వదలాలి. ‘ల్ల’ దగ్గర ఊపిరి ఆగదు, స్వరం తెగదు, నాలుక మాత్రం ఒక క్షణం ఒత్తుకుని జారుతుంది. రీడు మీద కూడా అంతే, సగం తాకి వదిలేయాలి. ‘గా’ దీర్ఘం, అక్కడ స్వరం నిలబడాలి. ఆ దీర్ఘంలో స్వరాలు రెండు మూడు మారినా వేళ్లే మారాలి, నాలుక కదలకూడదు. ‘వచ్చింది’లో ‘చ్చ’ ముందు మనం మాట్లాడేటప్పుడు ఊపిరిని నిజంగానే బిగబడతాం. అదే చోట నాలుకను రీడు మీద ఆనించి, వెనక ఊపిరిని అలాగే నిలిపి, రెప్పపాటు తర్వాత వదలండి. ఆ చిన్న నిశ్శబ్దంలోనే ‘వచ్చింది’ అన్న మాట వినబడుతుంది. ‘వెన్నెల’లో ‘న్న’కు అంత బిగింపు లేదు, అది ముక్కుతో సాగే అక్షరం కాబట్టి నాలుక మెత్తగా పడాలి. ఇక చివరి ‘ల’ అచ్చుతో ముగుస్తుంది. అక్కడ నాలుకతో స్వరాన్ని ఆపకండి. ఊపిరి సన్నబడి, దానంతట అది ఆగిపోనివ్వండి.

ఈ చివరి సంగతి మన భాషకు ప్రాణం వంటిది. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. మనం పాడేటప్పుడు మాట చివర తలుపు మూసినట్టు ఉండదు, తెరిచి ఉంచినట్టే ఉంటుంది. శాక్సోఫోన్ పాఠాలు చెప్పే వీడియోలు ఎక్కువగా ఇంగ్లీషు పాటలను దృష్టిలో ఉంచుకుని చేసినవి. వాటిలో స్వరం చివరను నాలుకతో తెంచే పద్ధతి తరచు కనిపిస్తుంది. హల్లుతో ముగిసే ఆ భాష మాటలకు అది చక్కగా నప్పుతుంది. అదే పద్ధతిలో మన పాట వాయిస్తే ప్రతి మాట చివరా ఒక పొల్లు చేరినట్టు ఉంటుంది. గురువు, లఘువు చిన్నప్పుడు బడిలో నేర్చుకున్నారు కదా. పాట కాగితం మీద ప్రతి అక్షరానికీ ఆ గుర్తులు పెట్టి, గురువు దగ్గర స్వరాన్ని నిలపడం, లఘువు దగ్గర వదలడం పది రోజులు చేసి చూడండి.

ఊపిరి కూడా మాటను బట్టే తీసుకోవాలి. ఊపిరి అయిపోయినప్పుడు తీసుకుంటే అది మాట మధ్యలో పడుతుంది. గాయకులు ఎక్కడ ఊపిరి తీసుకున్నారో అసలు పాటను చెవికి హెడ్‌ఫోను పెట్టుకుని వినండి. పాత రికార్డింగుల్లో ఆ సన్నని చప్పుడు స్పష్టంగానే వినిపిస్తుంది. సరిగ్గా అక్కడే పెన్సిలుతో గీత పెట్టి, మీరూ అక్కడే తీసుకోండి. శాక్సోఫోన్‌కు గొంతు కంటే ఎక్కువ గాలి కావాలి కాబట్టి ఒకటి రెండు చోట్ల అదనంగా తీసుకోవలసి వస్తుంది. దాన్ని దీర్ఘాక్షరం తర్వాత పెట్టుకోండి గాని ద్విత్వానికి ముందు పెట్టకండి.

వేళ్ల విషయంలో ఒక్క చోటు మాత్రం మీరు ప్రత్యేకంగా కష్టపడాలి. మధ్యలో సి షార్ప్‌కు వేళ్లన్నీ లేచి ఉంటాయి, దాని పక్కనే ఉన్న డికి రెండు చేతుల ఆరు వేళ్లూ, స్వరాన్ని పై స్థాయికి తీసుకెళ్లే ఆక్టేవ్ కీ కూడా ఒకేసారి పడాలి. నాలుగు శ్రుతి పాట ఆల్టో మీద వాయిస్తే నిషాదం నుంచి షడ్జమానికి వెళ్లిన ప్రతిసారీ మీరు ఆ గండం దాటాలి. ఏ పాటలోనైనా ని నుంచి స చేరే చోటే మనసుకు ఎక్కువగా హత్తుకుంటుంది. అక్కడ వేళ్లు ఒకదాని తర్వాత ఒకటి పడితే మధ్యలో ఏదో వేరే స్వరం తొంగిచూస్తుంది. రోజూ ఐదు నిమిషాలు, నాలుక తగలకుండా, ఆ రెండు స్వరాల మధ్యే నెమ్మదిగా ఊగండి. సరళీ స్వరాలు, జంట స్వరాలు కూడా మానకండి. జి దగ్గర ‘స’ పెట్టుకుని మాయామాళవగౌళలో జంట స్వరాలు వాయిస్తే వేళ్లకూ నాలుకకూ ఒకేసారి పని దొరుకుతుంది. ఆల్టో మీద అది ఆరున్నర శ్రుతి అవుతుంది, రేపు టెనర్ వచ్చాక అవే వేళ్లతో నాలుగు శ్రుతి అవుతుంది.

గమకాల గురించి మీరు అడగలేదు, అయినా రెండు మాటలు చెప్పాలి. కీలతో మూసే వాద్యంలో మన గమకం పలకదని అనుకునే రోజుల్లో, కద్రి గోపాల్‌నాథ్ గారు ఆల్టో శాక్సోఫోన్ మీద కర్ణాటక సంగీత కచేరీలు చేసి దాన్ని మన వాద్యంగా నిలబెట్టారు. ఆయన నాదస్వర విద్వాంసుడి కుమారుడు. 1994లో లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాలులో బీబీసీ ప్రామ్స్ సంగీతోత్సవ వేదిక మీద వాయించారు, 2004లో పద్మశ్రీ అందుకున్నారు, 2019లో కన్నుమూశారు. వాద్యం ఏ దేశానిదన్నది సమస్య కాదని మన ఉత్తరాంధ్రవారికి ఒకరు చెప్పనక్కర లేదు. పాశ్చాత్యుల వయొలిన్‌ను ద్వారం వెంకటస్వామినాయుడు గారు ఎంత మనదిగా చేశారో విశాఖకూ విజయనగరానికీ తెలుసు. కద్రి వారి ఆలాపనలు రోజుకు పది నిమిషాలు వినండి. సినిమా పాటల తీరు కోసం హిందీ చిత్రాల్లో ఆల్టో వాయించిన మనోహారీ సింగ్ గారిని వినండి. ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారేటప్పుడు దవడను కొంచెం వదులు చేసి, శ్రుతిని కాస్త కింద నుంచి ఎత్తుకుని స్వరస్థానానికి చేర్చడం వారి వాయిద్యంలో గమనించండి. మీరు మాత్రం ఇప్పుడే ప్రతి స్వరాన్నీ అలా ఎత్తకండి. చరణానికి ఒకటి రెండు చోట్ల, గాయకులు స్వయంగా చేసిన చోట చేయండి.

బీచి సాధన వద్దు. మీ ఇంటి నుంచి ఆర్.కె. బీచి దాకా ఎక్కడ నిలబడినా గాలిలో ఉప్పు తుంపర ఉంటుంది. శాక్సోఫోన్ కీలను వెనక్కి లాగే సూదుల వంటి స్ప్రింగులు సాధారణంగా ఉక్కువి, ఉప్పుకు తుప్పు పట్టి ఒకనాడు పుటుక్కున విరుగుతాయి. ఇసుక రేణువు కీ కడ్డీలోకి చేరితే ఆ కీ బిగుసుకుపోతుంది. మీ ఇల్లే సముద్రానికి దగ్గర కాబట్టి ఇంట్లో కూడా జాగ్రత్త అవసరం. వాయించడం కాగానే లోపల గుడ్డ లాగి తడి తుడవండి, బయట చెమట పడ్డ చోట్లు పొడి నూలుగుడ్డతో తుడవండి, పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు రెండు ఉంచండి, బాల్కనీలో స్టాండు మీద వదిలేయకండి. జి షార్ప్ కీ ప్యాడ్ ఉక్కపోత రోజుల్లో అతుక్కుపోవడం ఆల్టోకూ టెనర్‌కూ మామూలే. దాని కింద పలుచని కాగితం పెట్టి నొక్కి, తడి పీల్చనిచ్చి, మెల్లగా వదిలించండి.

ఇరుగుపొరుగు కోసం బెల్‌లో, అంటే వాద్యం చివరి వెడల్పాటి నోట్లో గుడ్డలు కుక్కడం చాలామంది చేస్తారు గాని ప్రయోజనం తక్కువ. శబ్దం బెల్ నుంచి మాత్రమే రాదు, తెరిచి ఉన్న ప్రతి రంధ్రం నుంచీ వస్తుంది. గుడ్డలు కింది స్వరాలను పాడుచేస్తాయి, పై స్వరాలు అలాగే వినిపిస్తాయి. పరుపులు, బట్టల బీరువా ఉన్న పడకగదిలో కిటికీలు మూసుకుని, తెరిచిన బీరువా వైపు తిరిగి వాయించండి. వేళ మాత్రం పొరుగువారినే అడిగి నిర్ణయించుకోండి. సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా అని చెప్పి, ఆ మాట మీద నిలబడితే అపార్ట్‌మెంటువారు సాధారణంగా సర్దుకుంటారు.

రిసెప్షనుకు రెండు పాటల్లో ఒకటైనా గాయని పాడినది పెట్టుకోండి, ఆల్టోకు అది నప్పుతుంది. వేగమైన పాట వద్దు. పల్లవి, ఒక చరణం, తిరిగి పల్లవి చాలు. మీరు పాటలు ఖాయం చేసుకున్నాక మీ శ్రీమతిగారికి పేరు చెప్పకుండా పక్క గదిలోంచి, ట్రాకు లేకుండా, పల్లవి ఒక్కటే వాయించి ఏ మాట వినిపించిందో అడగండి. వరస బట్టి పాట పేరు చెప్పడం కాదు, ఏ మాట ఎక్కడ తెలియలేదో చెప్పమనండి. ఆమె చెప్పిన చోట కాగితం మీద గుర్తు పెట్టుకుని, నాలుక ఏం చేస్తోందో అక్కడ మాత్రమే సరిచూసుకోండి. ఫిబ్రవరి దాకా వారానికి ఒకసారి ఇలా చేయగలిగితే మీకు వేరే గురువు అక్కరలేదు.

ఆ రోజు ఆర్కెస్ట్రా ఉంటే “నేను ‘ఏ’లో వాయిస్తాను” అని వారికి చెప్పకండి. మీ ‘ఏ’ వారికి ‘సి’ అవుతుంది. ‘పాట ఒకటి శ్రుతి, సి’ అని వారి భాషలోనే చెప్పండి. ఏసీ హాలులో చల్లదనానికి శ్రుతి దిగుతుంది కాబట్టి మీ వంతుకు పది నిమిషాల ముందే పెట్టె తెరిచి, రీడు తడిపి, శబ్దం రాకుండా వాద్యంలోకి వెచ్చని ఊపిరి వదులుతూ ఉండండి. మైకును బెల్ నోట్లోకి దూర్చకుండా జానెడు పైన, కీల వైపు కొంచెం వంచి పెట్టించండి. ఆ తర్వాత కీబోర్డు వాయించే ఆయన్ని బి ఫ్లాట్ ఒక్కటి పట్టుకోమని అడిగి, మీరు జి పలికించండి. మీది కిందికి ఉంటే మౌత్‌పీస్ కాస్త లోపలికి, పైకి ఉంటే కాస్త బయటికి జరపండి.